ముత్తాతగారు ఫ్రాన్సు నుంచి తెచ్చిన యుద్ధకాలపు కార్డులు: శత్రువు బొమ్మలను పిల్లలకు ఎలా చూపించాలి?

ప్రశ్న: విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అందరికీ నమస్కారం. ముప్పై యేళ్ళు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి రెండేళ్ళ కిందట విరమణ పొందాను. పోయిన నెల చంద్రగిరి దగ్గర ఉన్న మా పాత మిద్దె ఇంటిని విప్పించవలసి వచ్చింది. అప్పుడు జేజినాయన ట్రంకుపెట్టె అడుగున, పాత పంచాంగాల మధ్య, గుడ్డలో చుట్టిపెట్టిన 11 పోస్టుకార్డులు దొరికాయి. అవి జేజినాయనవి కావు, వారి తండ్రివి. మా ముత్తాతగారు తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే సార్టరు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి భారత సైన్యం వెంట వెళ్ళిన ఫీల్డు పోస్టాఫీసు సిబ్బందిలో ఆయన కూడా ఫ్రాన్సుకు పోయి, 1916లో తిరిగి వచ్చారని ఇంట్లో చెప్పుకునేవారు.

వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ పంపిన కార్డు కాదు. స్టాంపులు లేవు, చిరునామాలు లేవు. ఆరింటి మీద ఫ్రెంచి అక్షరాలు, రెండింటి మీద జర్మన్ అక్షరాలు, తక్కిన మూడింటి మీద ఇంగ్లీషు ఉన్నాయి. ఫ్రెంచివాటిలో ఒకదాని మీద జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ముఖాన్ని పంది ముఖంగా గీశారు. చెవులు, ముట్టె పందివే, మీసం మాత్రం కొసలు పైకి తిప్పిన ఆయన మీసమే. ఇంకొకటి ఫోటో. మన సిపాయిలు రోడ్డు మీద కవాతు చేస్తున్నారు, కింద "జర్మన్ రౌడీలను దండించడానికి సాగుతున్న భారతదేశపు పెద్దమనుషులు" అనే అర్థం వచ్చే వాక్యం ఉంది. జర్మన్ కార్డుల్లో ఒకదాని మీద, ప్రతి తూటాకు ఒక రష్యనువాడు, ప్రతి పోటుకు ఒక ఫ్రెంచివాడు, ప్రతి తన్నుకు ఒక బ్రిటిషువాడు అని ప్రాసతో పద్యం ఉందని జర్మన్ తెలిసిన మిత్రుడొకరు చెప్పారు.

నన్ను కలవరపెట్టింది రెండో జర్మన్ కార్డు. దాని మీద ఉన్నది మనవాడు. శరీరానికి రెండింతలు తలపాగా, పళ్ళ మధ్య కత్తి, తెల్లగుడ్లు మాత్రమే కనిపించే నల్లటి ముఖం. వెనక వైపు పెన్సిలుతో ఏదో రాసి చెరిగిపోయినట్లుంది, చదవలేకపోతున్నాను.

మా ఊరి బడివారు ఈ కార్డులను తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించి మాట్లాడమన్నారు. నాకు మూడు సందేహాలున్నాయి. ఇవి నిజంగా ఆ కాలానివేనా అన్నది ఎలా తెలుస్తుంది? ఇటువంటి బొమ్మలను పిల్లలకు ఏమని చెప్పి చూపించాలి? మనవాళ్ళను అవమానించే ఆ ఒక్క కార్డును తీసి పక్కన పెట్టాలా, దాన్ని కూడా ఉంచాలా? మా అబ్బాయి పెట్టవద్దంటున్నాడు. నాకు మాత్రం దాన్ని దాచిపెడితే తక్కిన పదింటి గురించి నిజం చెప్పినట్లు కాదని అనిపిస్తోంది.

జవాబు 1: నాణేలు, కార్డుల సేకర్త, చిత్తూరు

అయ్యవారికి నమస్కారం. మొదటి సందేహానికి నాకు తెలిసినంత చెబుతాను.

కార్డు వెనక వైపు నిలువుగా ఒక గీత ఉందేమో చూడండి. ఎడమ పక్క ఉత్తరం, కుడి పక్క చిరునామా రాసుకునేలా కార్డును రెండుగా చీల్చే ఈ పద్ధతిని బ్రిటన్ 1902లో మొదలుపెట్టింది, కొద్ది యేళ్ళలోనే ఫ్రాన్సు, జర్మనీ కూడా పాటించాయి. అంతకు ముందు వెనక అంతా చిరునామాకే పోయేది కనుక, చెప్పదలచిన నాలుగు మాటలను బొమ్మ చుట్టూ ఇరికించవలసి వచ్చేది. యుద్ధకాలపు కార్డుకు ఆ గీత ఉండి తీరాలి.

తరువాత భూతద్దం పెట్టి బొమ్మను చూడండి. బ్లాకు అచ్చయితే వరుసగా పేర్చినట్లు సన్నని చుక్కలు కనబడతాయి. లితో (రాతి పలక మీద నుంచి తీసే అచ్చు) అయితే చుక్కలు ఎగుడుదిగుడుగా, చేత్తో చల్లినట్లుంటాయి. ఫోటో కాగితం మీద వేసినదానికి చుక్కలే ఉండవు. ఇటీవల ఇంకుజెట్ యంత్రంలో తీసిన నకలుకు రంగు చిందినట్లు అస్తవ్యస్తంగా ఉంటుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది. దొంగనోట్లు పట్టుకోవడానికి అంగళ్ళలో పెట్టుకునే నీలికాంతి (యూవీ) దీపం కింద కార్డును ఉంచండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తరువాతే వాడుకలోకి వచ్చాయి కాబట్టి పాత కాగితం వెలగకుండా ఉండిపోతుంది, కొత్త కాగితం నీలంగా వెలుగుతుంది.

ఫ్రెంచి కార్డుల విషయంలో మరొకటి వెతకండి. బొమ్మ అంచున, చీమ తలకాయంత అక్షరాలతో "విసే పారీ" అని, పక్కన ఒక సంఖ్య ఉండవచ్చు. పారిస్ సెన్సారు అధికారులు చూసి, అచ్చుకు ఒప్పుకున్నారనడానికి అది గుర్తు. అంగట్లో అమ్మే ఆటబొమ్మలాగా కనబడే కార్డు కూడా ప్రభుత్వపు బల్ల మీదుగా వచ్చిందని పిల్లలకు చూపించడానికి అంతకు మించిన ఆధారం దొరకదు.

పెన్సిలు రాతకు రబ్బరు గాని, నీళ్ళు గాని తగలనివ్వకండి. రాత్రి పూట గదిలో దీపాలన్నీ ఆర్పి, కార్డును బల్ల మీద పరిచి, టార్చిని దాదాపు బల్లకు ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. పెన్సిలు నలుపు పోయినా, రాసినప్పుడు పడిన గాడి నీడగా కనబడుతుంది.

దయచేసి లామినేషన్ చేయించకండి. మన ఊళ్ళలో జిరాక్సు అంగడికి ఏ పాత కాగితం తీసుకుపోయినా మొదట ఇచ్చే సలహా అదే. ఆ వేడికి, ఆ జిగురుకు కార్డు మళ్ళీ బయటికి రాకుండా పోతుంది. ఫెవికాల్, సెల్లోటేపు కూడా వద్దు. పెట్టెలో కలరా ఉండలు వేసినా అవి కార్డుకు తగలకూడదు.

నాణేలవాణ్ణి కనుక ఒక పతకం కథ కూడా చెబుతాను. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి లూసిటేనియా ఓడను ముంచింది, సుమారు 1,200 మంది చనిపోయారు. మ్యూనిక్‌లో కార్ల్ గోట్జ్ అనే పతకాల శిల్పి, ఆ ఓడలో ఆయుధాలు ఎక్కించి ప్రయాణికులను బలిపెట్టారని ఓడ కంపెనీని వెక్కిరిస్తూ ఒక పతకం పోతపోశాడు. ఒక పక్క టిక్కెట్ల గదిలో కూర్చుని టిక్కెట్లు అమ్ముతున్నది అస్థిపంజరం. తేదీ మాత్రం మే 5 అని పొరపాటుగా వేశాడు. బ్రిటిషువాళ్ళు దాన్నే లక్షల సంఖ్యలో నకళ్ళు తీసి, అట్టపెట్టెలో పెట్టి, ఈ హత్యను జర్మన్లు ముందే తలపెట్టి పండుగ చేసుకున్నారు చూడండని అమ్మారు. అతడు ఎవరిని వెక్కిరించడానికి చేశాడో వాళ్ళ చేతిలోనే అది ఆయుధమైంది. ఇప్పుడు అంగళ్ళలో దొరికేవాటిలో ఎక్కువ ఆ నకళ్ళే.

జవాబు 2: చరిత్ర అధ్యాపకురాలు, తిరుపతి

మాస్టారూ, మీ రెండో ప్రశ్న మీదే నేను ఎక్కువగా మాట్లాడతాను. ప్రతి కార్డు దగ్గరా పిల్లలను అడగవలసినవి ఇవి అనుకుంటాను: దీన్ని ఎవరు అచ్చువేశారు, ఎవరు కొన్నారు, కొన్నవాళ్ళ చేత ఏమి చేయించాలనుకున్నారు. బొమ్మలో ఉన్నవాడు ఎలాంటివాడన్నది ఆ తరువాతి మాట. ఈ కార్డులు శత్రువు చూడడానికి వేసినవి కావు. ఫ్రెంచి పంది ముఖాన్ని చూసినది ఫ్రెంచి తల్లి, ఫ్రెంచి దుకాణదారు, ఫ్రెంచి బడిపిల్లవాడు. కొడుకును సైన్యానికి పంపించడం, యుద్ధ రుణానికి డబ్బు కట్టడం, మరో చలికాలం ఓర్చుకోవడం వాళ్ళు చేయవలసిన పనులు.

బ్రిటన్ 1914 సెప్టెంబరులో చార్లెస్ మాస్టర్‌మన్ ఆధ్వర్యంలో, లండన్‌లోని వెల్లింగ్టన్ హౌస్‌లో రహస్యంగా ఒక ప్రచార కార్యాలయం పెట్టింది. అక్కడి నుంచి వెళ్ళే పుస్తకాల మీద, బొమ్మల మీద ప్రభుత్వం పేరు ఉండేది కాదు. హాలండ్ యుద్ధంలో చేరని దేశం. అక్కడి చిత్రకారుడు లూయీ రామేకర్స్ జర్మన్ సైన్యపు దౌర్జన్యాల మీద వేసిన బొమ్మలను వాళ్ళు కార్డులుగా, సంచికలుగా దేశదేశాలకు పంపించారు. తటస్థ దేశపువాడి కుంచెకు ఉండే విలువ వాళ్ళకు బాగా తెలుసు.

అయితే అన్నీ అబద్ధాలేనని పిల్లలు అనుకుంటే అది ఇంకో పొరపాటు. 1914 ఆగస్టు 23న బెల్జియంలోని దినాఁ పట్టణంలో జర్మన్ సైనికులు 600 మందికి పైగా పౌరులను చంపారు, రెండు రోజుల తరువాత లూవెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని తగలబెట్టారు. ఇవి జరిగినవే. వాటి పక్కనే చేతులు నరికిన పసిబిడ్డల కథలను చేర్చి నమ్మించారు. 1917లోనైతే జర్మన్లు తమ సైనికుల శవాలనే కాచి కొవ్వు తీస్తున్నారని పత్రికలు రాశాయి. దానికి ఆధారం లేదని 1925లో బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఆస్టిన్ ఛాంబర్లేన్ పార్లమెంటులో ఒప్పుకున్నాడు. ఆ అబద్ధానికి వడ్డీ తరువాతి యుద్ధంలో కట్టవలసి వచ్చింది. నాజీలు యూదులను చంపుతున్నారన్న నిజమైన వార్తలు వచ్చినప్పుడు, పోయిన యుద్ధంలో కూడా ఇలాగే చెప్పారు కదా అని ఎంతోమంది నమ్మలేదు. నేను తరగతిలో ఈ విషయం చెప్పిన ప్రతిసారీ నా గొంతు కొంచెం మారుతుంది.

మనవాళ్ళ బొమ్మ ఉన్న కార్డును తీయవద్దని నా విన్నపం. యుద్ధంలో పడమటి రంగానికి, అంటే ఫ్రాన్సు, బెల్జియంలకు, భారతదేశం నుంచి సుమారు 1,38,000 మంది వెళ్ళారు. నాగరిక దేశాల పోరులోకి ఇంగ్లండు, ఫ్రాన్సు అడవి మనుషులను తెచ్చి దింపాయని జర్మన్ ప్రచారం గోల పెట్టింది. లియో ఫ్రోబేనియస్ అనే జర్మన్ పండితుడు 1916లో వేసిన చిత్రాల సంపుటికి పేరే "మన శత్రువుల జనాల సర్కస్". అదే సమయంలో, బెర్లిన్ దగ్గర వున్స్‌డోర్ఫ్ ఖైదీల శిబిరంలో ఉన్న ముస్లిం సైనికుల కోసం 1915లో మసీదు కట్టించి, భారతీయ ఖైదీల కోసం హిందీ, ఉర్దూ భాషల్లో పత్రిక నడిపి, మీరు మా మిత్రులు, మీ శత్రువు ఇంగ్లండేనని చెప్పింది కూడా జర్మనీయే. మనిషి అతడే. జర్మన్ ఇంట్లో చూపించడానికి పళ్ళ మధ్య కత్తి పెట్టారు, శిబిరంలో చేతికి పత్రిక ఇచ్చారు. పెద్దమనుషుల కార్డునూ ఈ కార్డునూ పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో మన సిపాయి ఎక్కడున్నాడో చూపించమని పిల్లలను అడగండి.

బ్రిటిషువాళ్ళు మనల్ని శత్రువుగా గీసిన బొమ్మలు కూడా చూపించవచ్చు. సిపాయిల తిరుగుబాటు నడుస్తుండగా, 1857 ఆగస్టు 22న పంచ్ అనే లండన్ హాస్యపత్రికలో జాన్ టెన్నియల్ వేసిన బొమ్మలో బ్రిటిష్ సింహం బెంగాలు పులి మీదికి దూకుతుంది. పులి కాళ్ళ కింద ఒక తెల్లజాతి తల్లి, బిడ్డ ఉంటారు. అంతకు ముందే 1799లో శ్రీరంగపట్నం పడిపోయినందుకు కొట్టించిన పతకం మీద కూడా సింహం పులిని అణచివేస్తుంటుంది. ఆ పులిని మొదట ఎన్నుకున్నది టిప్పు సుల్తాను. మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేటలో 1782 డిసెంబరులో హైదరాలీ కన్నుమూశాడన్నది పిల్లలకు తెలిసే ఉంటుంది. ఆయన కొడుకు చేయించిన కొయ్యబొమ్మలో పులి ఒక తెల్లవాడి గొంతు పట్టుకుని ఉంటుంది, పిడి తిప్పితే అతడి చెయ్యి లేస్తుంది, మూలుగు వినిపిస్తుంది. ఇప్పుడది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అది మన వైపు నుంచి గీసిన శత్రువు బొమ్మ.

జవాబు 3: మాజీ సైనికుడి కొడుకు, చిత్తూరు

అయ్యవారూ, నేను కొంచెం వేరుగా అనుకుంటున్నాను, తప్పయితే క్షమించండి. తొమ్మిదో తరగతి పిల్లలు ఇటువంటి బొమ్మలను ఫోన్లలో రోజూ చూస్తూనే ఉన్నారు, ఒకరికొకరు పంపుకుంటున్నారు. పంది ముఖం కార్డును చూపించగానే వాళ్ళు నవ్వుతారు, తలపాగా కార్డును చూపించగానే కోపం తెచ్చుకుంటారు, మీరు చెప్పేది వినేలోపే ఫోటో తీసి ఎవరికో పంపిస్తారు. ఫోన్లు బయట పెట్టించిన తరువాతే కార్డులు తీయండి. కార్డు కంటే ముందు మీ ముత్తాతగారి గురించి చెప్పండి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా నాయన సైన్యంలో పనిచేసి వచ్చారు. అవతలివాణ్ణి తిట్టడం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు, చలి గురించి, బూట్ల గురించి, ఉత్తరాల గురించే చెప్పేవారు. మా జేజి మొండితనం చేసే పిల్లలను "ఎండెన్" అనేది. తమిళం వైపు నుంచి మాకు వచ్చిన మాట అది. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవులోని నూనె ట్యాంకుల మీద గుండ్లు కురిపించి, ఎవరికీ చిక్కకుండా తప్పించుకుపోయింది. ఊరు ఖాళీ చేసి జనం పరుగులు పెట్టారు. అయినా ఆ గుండ్ల చప్పుడు విన్న జనం ఆ పేరును తిట్టుగా మార్చుకోలేదు, గట్టివాడు, గడుసువాడు అనే అర్థంలో వాడుకున్నారు. దాని నాయకుడు కార్ల్ ఫాన్ ముల్లర్ పట్టుకున్న ఓడల్లోని మనుషులను ప్రాణాలతో దింపించేవాడని ఆనాటి ఇంగ్లీషు పత్రికలు కూడా మెచ్చుకున్నాయి. గుండు పడిన ఊరివాళ్ళు శత్రువుకు పెట్టిన పేరు ఇది. గుండు పడని ఊళ్ళలో అంగడికి పోయి కొనుక్కున్నది పంది ముఖం. దీన్ని కూడా పిల్లలకు చెప్పగలిగితే బాగుంటుంది.

జవాబు 4: కలంకారీ పనివాడు, శ్రీకాళహస్తి

నేను చదువుకున్నది తక్కువ, గీతపని మాత్రం నలభై యేళ్ళుగా చేస్తున్నాను. అయ్యవారు చెప్పిన బొమ్మలను నా కన్నుతో చూసి రెండు మాటలు రాస్తున్నాను.

చింతబరుకు కాల్చిన బొగ్గుతో గుడ్డ మీద మొదట గీత పెడతాం. ఇనుప తుక్కు, బెల్లం నానబెట్టి తీసిన నల్లరంగుతో ఆ గీతను ఖాయం చేస్తాం. రాక్షసుడికి కోర, గుడ్లు, మీసం మేము కూడా పెద్దవి చేస్తాం, అతడు ఎవరో దూరం నుంచి తెలియాలి కనుక. అయితే రావణుడికి నగలు తక్కువ వేస్తే నాకు పని నేర్పిన మామ ఊరుకునేవాడు కాదు. కిరీటానికీ, భుజకీర్తులకూ రాముడికి పెట్టినంత పనీ పెట్టమనేవాడు. శివుణ్ణి మెప్పించినవాడిని తేలికగా గీస్తే రాముడి బాణానికి విలువ ఎక్కడిదని అడిగేవాడు. రావణుడు పడిపోయిన తరువాత పక్కన మండోదరి ఏడుపు కూడా గీయాలి, ఆ గడి వదిలేస్తే కథ పూర్తి కాదు.

అయ్యవారు చెప్పిన కార్డుల్లో ఆ గడి లేదు. పంది ముఖానికి ఏడ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. తలపాగా మనిషికి ముఖమే లేదు, తెల్లగుడ్లు, కత్తి ఉన్నాయి. అది గీయడం రానివాడి పని కాదు. చెయ్యి తిరిగినవాడే ఏది వదిలేయాలో అంత కచ్చితంగా వదిలేయగలడు. చక్రవర్తి మీసం సంగతి కూడా అంతే, రెండు గీతలకు మనిషి వచ్చేస్తాడు, ఇక కింద ఏ జంతువును పెట్టినా అది ఆయనే అవుతుంది. పిల్లల చేతికి పెన్సిలు ఇచ్చి, ఆ తలపాగా కింద ముఖాన్ని వాళ్ళనే గీయమనండి. కళ్ళకు రెప్పలు, ముక్కు, ప్రయాణం చేసి అలిసిన నోరు. నేను వచ్చి పక్కన కూర్చోమంటే వస్తాను, బస్సుకు గంట దారే కదా.

మళ్ళీ ప్రశ్నించినవారు: విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

అందరికీ నా కృతజ్ఞతలు. నాలుగు రోజులుగా మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను.

పదకొండు కార్డులకూ వెనక నిలువు గీత ఉంది. మందుల అంగడిలో నీలికాంతి దీపం అడిగి తెచ్చి పెట్టి చూస్తే ఒక్కటి కూడా వెలగలేదు. ఫ్రెంచివాటిలో నాలుగింటి మీద "విసే పారీ" అని, సంఖ్యతో సహా దొరికింది. పంది ముఖం కార్డు వాటిలో ఒకటి. ఇన్ని రోజులుగా దాన్ని అచ్చుయంత్రపు మరక అనుకున్నాను.

మా ముత్తాతగారి పని గురించి కూడా మళ్ళీ ఆలోచించాను. ఫ్రాన్సులో భారతీయ సైనికుల ఉత్తరాలను సెన్సారువారు విప్పి చదివేవారని, దాన్ని తప్పించుకోవడానికి సిపాయిలు భారతీయ సైనికులను నల్ల మిరియాలనీ, తెల్ల సైనికులను ఎర్ర మిరపకాయలనీ మారుపేర్లతో రాసి, నల్లవి అయిపోవస్తున్నాయని ఇంటికి చెప్పుకునేవారని చదివాను. అటువంటి ఉత్తరాలు ఎన్ని ఆయన చేతుల మీదుగా పోయి ఉంటాయో. మనిషి గురించి నిజం రాస్తే కత్తిరించేవారు, మనిషిని పందిగా గీస్తే ముద్ర వేసి పంపించేవారు. ఆయన ఆ రెండింటి మధ్య బల్ల వేసుకుని కూర్చుని ఉత్తరాలు వేరుచేశారు.

చిత్తూరు కార్డుల సేకర్త చెప్పినట్లు రాత్రి దీపాలు ఆర్పి, టార్చిని బల్లకు ఆనించి పెట్టి, తలపాగా కార్డును తిప్పి చూశాను. మా కోడలు టార్చి పట్టుకుంది, నేను భూతద్దం పట్టుకున్నాను. వెలుగును కొంచెం కొంచెంగా దించుతూ పోతే గాళ్ళు నీడపట్టాయి. తెలుగు అక్షరాలే. మా జేజినాయనకు ఆయన రాసిన పాత కాగితాలు ఇంకా ఇంట్లో ఉన్నాయి, "ళ" కిందికి సాగదీసి రాసే అలవాటు రెండింటిలోనూ ఒకటే. రాసింది రెండే మాటలు: "ఇది మనవాళ్ళంట."

మా అబ్బాయికి ఫోన్ చేసి చదివి వినిపించాను. పెట్టండి నాయనా, అన్నాడు.

కార్యక్రమానికి ఇంకా మూడు వారాల గడువుంది. ఫోన్లు బయటే పెట్టిస్తారని బడివారు మాట ఇచ్చారు. శ్రీకాళహస్తివారు తప్పకుండా రావాలి, బస్టాండు నుంచి నేనే తీసుకువెళతాను. పెన్సిళ్ళు, కాగితాలు సిద్ధం చేయిస్తున్నాను. కార్డుల సేకర్తగారిని ఒకటి అడగాలి. ఆ కార్డును గోడకు పెడితే వెనక రాత కనబడదు. రెండు అద్దాల మధ్య నిలబెట్టి, పిల్లలు చుట్టూ తిరిగి రెండు వైపులా చూసేలా చేయాలంటే, అద్దం కార్డుకు అంటుకోకుండా మధ్యలో ఏమి పెట్టాలి?